చలి ఇచ్చిన తీపి: జర్మన్ రీస్లింగ్ ఎటు పోతోంది?

2020 మార్చి మొదట్లో జర్మన్ వైన్ ఇన్‌స్టిట్యూట్ ఒక చిన్న ప్రకటన చేసింది. దేశంలోని 13 ద్రాక్ష ప్రాంతాల్లో ఏ ఒక్కచోటా ఆ శీతాకాలం ఐస్‌వైన్ కోత కుదరలేదన్నది దాని సారాంశం. పేరు చూసి ఇది మంచుముక్కలు వేసుకుని తాగే వైన్ అనుకోనక్కర్లేదు. తీగ మీదే గడ్డకట్టిన ద్రాక్షను కరగకముందే కోసి, అలాగే పిండి చేసే వైన్ ఇది. పండులోని నీరు మంచై పిప్పితోపాటు ఉండిపోతుంది. పాకంలాంటి రసం మాత్రం బొట్లు బొట్లుగా దిగుతుంది. కోసేనాటికి చలి కనీసం మైనస్ 7 డిగ్రీలకు దిగి ఉండాలి. 2019 పంటకు ఆ చలి రాలేదు. 1830 ఫిబ్రవరిలో బింగెన్ దగ్గరి డ్రోమర్స్‌హైమ్ అనే ఊళ్లో, పశువుల మేతకని తీగల మీదే వదిలేసిన నాసిరకం పంటను పిండి చూస్తే తేనెలాంటి రసం వచ్చిందని చెబుతారు. అక్కడ మొదలైన ఐస్‌వైన్ చరిత్రలో దేశమంతటా కోత తప్పిపోవడం అదే మొదటిసారి.

తీపి జర్మన్ వైన్ గురించి మామూలుగా వినిపించే కథ వేరు. జనం నాలుక మారింది, చక్కెర అంటే భయం పట్టుకుంది, కాబట్టి తీపి వైన్‌కు కాలం చెల్లింది అంటారు. ఆ కథలో నిజం ఉంది, కానీ సగమే. జర్మనీలో ఆ తీపి ఎవరో ముచ్చటపడి కలిపింది కాదు. అది చలి కన్న బిడ్డ. ఇప్పుడు ఆ చలే వెనక్కి తగ్గుతోంది. తాగేవారి అభిరుచి, తోటలోని ఎండ రెండూ ఒకే కాలంలో ఒకే దిక్కుకు, అంటే తీపి లేని వైన్ వైపుకు నెడుతున్నాయి. అభిరుచి ఒక్కటే అయితే ఎప్పుడో ఒకప్పుడు తిరిగి రావచ్చు. వాతావరణం అలా తిరిగి రాదు.

చలి తీపిని ఎలా చేసిందో ముందు చూడాలి. రైన్‌గౌ ప్రాంతంలోని యోహానిస్‌బర్గ్ కోట ద్రాక్షతోట మీదుగా 50వ ఉత్తర అక్షాంశ రేఖ వెళ్తుంది. చాలాకాలం పాటు అది ద్రాక్ష సాగుకు ఉత్తరపు అంచు. నిదానంగా పండే రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్ష రకానికి అక్టోబరు దాకా, కొన్నేళ్లు నవంబరు దాకా సమయం కావాలి. మోజెల్ నది, దాని ఉపనదులైన జార్, రూవర్ లోయల్లో నిటారు వాలుల మీదున్న పలకరాయి పగటి వేడిని దాచుకుని రాత్రికి తీగకు అందిస్తుంది కాబట్టే అక్కడ ఆ మాత్రమైనా పండుతుంది. అంత కష్టపడి పండినా పులుపు దిగదు. లీటరుకు 8, 9 గ్రాముల ఆమ్లం ఉన్న రసంలోని చక్కెర మొత్తాన్ని పులియబెట్టి ఆల్కహాల్‌గా మారిస్తే, పాత రోజుల్లో చాలా ఏళ్లు మిగిలింది పళ్లు జిల్లుమనే వైన్. కానీ కోత అంత ఆలస్యం కావడం వల్ల ఒక మేలు జరిగేది. శీతాకాలం ముంచుకొచ్చి నేలమాళిగలోని పీపాలు చల్లబడేవి, రసాన్ని పులియబెట్టే ఈస్ట్ పని ఆపేసేది, కొంత చక్కెర పులవకుండా మిగిలిపోయేది. ఆ మిగిలిన చక్కెరే ఆ పులుపును తాగదగ్గదిగా చేసేది.

చింతపండు పులుసులో చిన్న బెల్లంముక్క ఎందుకు వేస్తారో తెలిసిన వంటింటికి ఈ లెక్క కొత్తగా చెప్పనక్కర్లేదు. బెల్లం వేసేది పులుసును పాయసం చేయడానికి కాదు, పులుపులోని గరుకు తీసి దాన్ని నిలబెట్టడానికి. మంచి మోజెల్ రీస్లింగ్‌లో తీపి చేసే పని సరిగ్గా అదే. లీటరుకు 45 గ్రాముల చక్కెర ఉందని కాగితం మీద చదివితే భయమేస్తుంది. నోట్లో మాత్రం అది నిమ్మరసంలా గలగలా దిగిపోతుంది. దీనికి తోడు మరో లెక్క ఉంది. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాల్ తయారవుతుంది. చక్కెరను మిగిల్చారంటే ఆల్కహాల్‌ను అంత తగ్గించారని అర్థం. అందుకే ఈ వైన్లలో ఆల్కహాల్ 8 శాతం దగ్గరే ఆగుతుంది. ప్రపంచంలో మరే ప్రసిద్ధ వైన్ ప్రాంతమూ ఇంత తేలికైన, ఇంత పదునైన, అయినా ఇంత నిండైన వైన్‌ను ఇంత నిలకడగా ఇవ్వలేకపోయింది. ఇది అభిమానంతో అన్న మాటే కావచ్చు, తప్పు మాత్రం కాదు.

జర్మన్లు ఈ తీపికి మెట్లు కట్టారు. 19వ శతాబ్దంలో ఫోర్ట్స్‌హైమ్‌కు చెందిన ఫెర్డినాండ్ ఓక్స్‌లె ద్రాక్షరసం సాంద్రతను కొలిచే సాధనాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన పేరుమీదే ఆ కొలత నిలిచింది. 1971 నాటి వైన్ చట్టం ఆ కొలతనే పట్టుకుని నాణ్యతను నిర్ణయించింది. అన్నిటికంటే కింద కాబినెట్. మంత్రివర్గంతో దీనికి ఏ సంబంధమూ లేదు. ఎబర్‌బాఖ్ మఠంలో మేలైన వైన్లను దాచిన గది పేరు నుంచి వచ్చింది. దానిపై ష్పేట్‌లేజ, అంటే ఆలస్యపు కోత. ఆపైన ఔస్‌లేజ, ఏరి కోసిన గుత్తులది. ఇంకా పైన బేరన్‌ఔస్‌లేజ, చిట్టచివర ట్రొకెన్‌బేరన్‌ఔస్‌లేజ. బూజు పట్టి కిస్‌మిస్‌లా ఎండిన పండ్లను ఒక్కొక్కటిగా ఏరి చేసేది ఈ చివరిది. ఆ బూజు బోట్రైటిస్ అనే శిలీంధ్రం. ఉదయం నది మీంచి పొగమంచు, మధ్యాహ్నం ఎండ సరైన పాళ్లలో దొరికితే అది పండును కుళ్లబెట్టకుండా నీరు పీల్చి రసాన్ని చిక్కబరుస్తుంది. పాళ్లు తప్పితే మామూలు కుళ్లే.

ష్పేట్‌లేజ పుట్టుక గురించి యోహానిస్‌బర్గ్ కోటలో ఒక కథ చెబుతారు. అప్పట్లో ఆ తోట ఫుల్డా బిషప్‌ది. కోతకు ఆయన అనుమతి తెచ్చే రౌతు 1775లో వారాల తరబడి ఆలస్యంగా వచ్చాడట. ఈలోగా పండు బూజు పట్టింది. చేసేది లేక దాన్నే పిండితే అద్భుతమైన వైన్ అయిందట. ఆ రౌతు విగ్రహం ఇప్పటికీ కోట ప్రాంగణంలో ఉంది. సంస్థానాధీశుల జాప్యం వల్ల ప్రజలకు మేలు జరిగిన అరుదైన సందర్భాల్లో ఇదొకటి అనుకోవచ్చు.

అయితే ఈ మెట్లన్నీ చూసి జర్మన్ వైన్ అనాదిగా తియ్యగానే ఉండేదని అనుకుంటే పొరపాటు. రీస్లింగ్ ప్రస్తావన రాతలో మొదట కనిపించేది 1435లో, రుస్సెల్స్‌హైమ్ దగ్గర. 1787లో ట్రియర్ పాలకుడు మోజెల్‌లో నాసి తీగలు పీకేసి మేలైనవి నాటాలని ఆజ్ఞాపించాడు. రీస్లింగ్ అక్కడ స్థిరపడింది ఆ తర్వాతే. 19వ శతాబ్దం చివరికి లండన్ వ్యాపారుల ధరల పట్టికల్లో రైన్, మోజెల్ వైన్లు ఫ్రాన్స్‌లోని బోర్డో మహామహులతో సమానంగా, కొన్నిసార్లు ఇంకా ఎక్కువగా పలికాయి. ఆ వైన్లలో చాలావరకు పీపాల్లో ఏళ్ల తరబడి నానుతూ పులిసి, ఇంచుమించు తీపి లేకుండా తయారైనవే. చక్కెర మిగిలిన వైన్‌ను సీసాలో నింపితే వసంతంలో వేడెక్కగానే ఈస్ట్ మళ్లీ లేచేది, సీసా పేలేది. ఆ భయం పూర్తిగా పోయింది 20వ శతాబ్దంలో, ఈస్ట్‌ను సైతం వడగట్టే సూక్ష్మ వడపోత సాధనాలు వచ్చాకే. బాట్ క్రోయ్‌ట్స్‌నాఖ్‌లోని జైట్స్ కర్మాగారం వాటికి పేరు మోసింది. అంటే ఇవాళ సంప్రదాయమని పిలుచుకునే తీపిలో చాలా భాగం ఒక యంత్రం వల్ల సాధ్యమైంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి చక్కెర కరవు చవిచూసిన తరానికి ఆ తీపి వరంలా కనిపించింది.

వరం శాపంగా మారడానికి ఎక్కువకాలం పట్టలేదు. వోర్మ్స్ నగరంలోని లీబ్‌ఫ్రౌవెన్ చర్చి చుట్టూ ఉన్న కొద్దిపాటి తోటల వైన్‌కు లీబ్‌ఫ్రౌమిల్ష్ అని పేరు. ఆ పేరు తోట గోడ దాటి, ఊరు దాటి, చివరికి నాలుగు ప్రాంతాల్లో పండే చవక ద్రాక్షకంతటికీ అతుక్కుంది. 1882లో హెర్మన్ ముల్లర్ సృష్టించిన ముల్లర్ తుర్గౌ రకం విపరీతంగా కాసేది, తొందరగా పండేది. రుచి మాత్రం పలచన. 1990ల మధ్య దాకా జర్మనీలో అన్నిటికంటే ఎక్కువగా నాటింది దాన్నే, రీస్లింగ్‌ను కాదు. ఆ పలచని వైన్‌ను పూర్తిగా పులియబెట్టి, విడిగా దాచిన తియ్యటి ద్రాక్షరసం కొంత కలిపి, సీసాల్లో నింపి ఓడలెక్కించారు. బ్లూ నన్, బ్లాక్ టవర్ లాంటి బ్రాండ్లు బ్రిటన్, అమెరికాల్లో మొదటిసారి వైన్ రుచి చూసేవారికి గురువులయ్యాయి. 1970లు, 80ల్లో జర్మన్ ఎగుమతుల్లో సింహభాగం ఈ సరుకే.

ఇక్కడ చట్టం కూడా తన వంతు నష్టం చేసింది. 1971లో సుమారు 30 వేల తోటల పేర్లను కుదించి 2,600కు అటూ ఇటూగా తెచ్చారు. అదే సమయంలో అనేక ఊళ్ల తోటలను కలిపి పెద్ద పెద్ద సమూహాలకు ఒకే పేరు పెట్టే అవకాశం ఇచ్చారు. పీస్‌పోర్టర్ గోల్డ్‌ట్రొప్ఫ్‌హెన్ అంటే నది మలుపు దగ్గరి ఒక మేలైన వాలు. పీస్‌పోర్టర్ మిహెల్స్‌బర్గ్ అంటే ఆ చుట్టుపక్కల ఎక్కడెక్కడో ఉన్న చదును నేలలన్నీ కలిపిన పేరు. సీసా మీద చూస్తే రెండూ ఒకే కుటుంబంలా కనిపిస్తాయి. కొన్నవాడికి తేడా తెలియకూడదని కాకపోతే ఇలా ఎందుకు రాస్తారో ఊహించడం కష్టం. కాళ్ల మధ్యకు లాక్కున్న కుర్రవాడి నగ్న పిరుదుల మీద పెద్దాయన కొడుతున్న బొమ్మతో క్రోవర్ నాక్ట్‌ఆర్ష్, నల్లపిల్లి బొమ్మతో త్సెల్లర్ ష్వార్ట్స కాట్స్ కూడా ఇలాంటి సమూహపు పేర్లే.

1985లో ఆస్ట్రియాలో కొందరు వైన్‌కు చిక్కదనం, తీపి తెప్పించడానికి డైఇథిలీన్ గ్లైకాల్ అనే పారిశ్రామిక రసాయనం కలిపినట్టు బయటపడింది. ఆ వైన్‌ను తమ వైన్‌లో కలిపిన కొన్ని జర్మన్ సీసాల్లోనూ అది కనిపించింది. తీపి వైన్ అంటే మోసమనే అనుమానానికి దాంతో సాక్ష్యం దొరికింది. నిజానికి మంచి తోటల రైతులకు ఆ కుంభకోణంతో ఏ సంబంధమూ లేదు. కానీ బజారులో పోయిన పరువును వాటా ప్రకారం పంచరు. అందరికీ సమానంగానే అంటుతుంది.

ఇంటి దగ్గర జర్మన్లు అప్పటికే వేరే దారి పట్టారు. ఇటలీ, ఫ్రాన్స్ భోజనాలు అలవాటైన తరానికి భోజనంతో తీపి వైన్ మొరటుగా తోచింది. తీపి లేని వైన్‌ను జర్మన్‌లో ట్రొకెన్ అంటారు, ఇంగ్లీషులో డ్రై. లీటరుకు గరిష్ఠంగా 9 గ్రాముల చక్కెర దాకా ఆ మాట వాడవచ్చు. ఇప్పుడు తనిఖీ దాటి వచ్చే జర్మన్ నాణ్యమైన వైన్‌లో దాదాపు సగం ట్రొకెనే. 1910లో మొదలై దేశంలోని పేరున్న తోటల్లో చాలావాటిని కలుపుకున్న వీడీపీ సంఘం 2002లో గ్రోసెస్ గెవెక్స్ అనే హోదా తెచ్చింది. మేటి తోటల నుంచి వచ్చే తీపి లేని వైన్‌కు మాత్రమే అది దక్కుతుంది. అర్థం స్పష్టం: ఇకపై జర్మనీ ప్రపంచానికి చూపించాలనుకునే ముఖం ఇది. ఇవాళ వైన్ పత్రికల్లో ఎక్కువ సిరా, మంచి హోటళ్లలో ఎక్కువ చోటు దక్కేది ఆ సీసాలకే. తీపి వైన్లు అదే తోటలో, అదే రైతు చేతి నుంచి వచ్చినా జాబితా చివరి పుటకు చేరాయి.

ఇందులో అభిరుచి ఎంత, హోదా ఎంత అన్నది విడదీసి చూడదగ్గ విషయం. జనం పైకి అడిగేది డ్రై, ఇష్టంగా తాగేది తీపి అని వైన్ వ్యాపారుల్లో పాతమాట ఒకటుంది. లీటరు కోకాకోలాలో సుమారు 106 గ్రాముల చక్కెర ఉంటుంది. కాబినెట్‌లో సాధారణంగా ఉండే దానికి అది రెట్టింపు పైమాట. కోలా తాగుతూ పెరిగినవారే వైన్ దగ్గరికి వచ్చేసరికి తీపి వద్దంటారు. తీపి ఇష్టమని ఒప్పుకుంటే వైన్ తెలియనివారిగా లెక్క కడతారన్న జంకు దాని వెనుక ఉంది. లీబ్‌ఫ్రౌమిల్ష్ మిగిల్చిపోయిన ఆస్తి ఇదే. ఆ సీసాలు అంగళ్ల నుంచి దాదాపు మాయమయ్యాయి, వాటి మీది చిన్నచూపు మాత్రం వారసత్వంగా మిగిలింది. ఇప్పుడు దానికి ఆరోగ్యపు లెక్క తోడైంది. 2023 డిసెంబరు నుంచి ఐరోపా సమాఖ్యలో కొత్తగా తయారైన వైన్లకు పదార్థాలు, పోషక విలువలు తెలపడం తప్పనిసరి. చాలామంది సీసా మీద క్యూఆర్ గుర్తు అచ్చేసి సరిపెడుతున్నారు. చక్కెర గ్రాముల్లో కనిపిస్తుంది, పులుపు మాత్రం ఆ పట్టికలో ఉండదు. సగం లెక్కే చూపించే తక్కెడ అది. ఇందులో ఒక చిన్న వ్యంగ్యం కూడా ఉంది: 8 శాతం ఆల్కహాల్ ఉన్న తీపి కాబినెట్‌లో కేలరీలు 13 శాతం ఉన్న డ్రై వైన్ కంటే ఎక్కువేమీ కావు. చక్కెర ఆల్కహాల్‌గా మారినంత మాత్రాన కేలరీలు ఆవిరైపోవు మరి.

మరో అడ్డంకి సీసా మీది రాత. తెలుగు కావ్యాలను ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని వర్గీకరిస్తారు. ఈ వైన్ నోట్లో వేసుకుంటే ద్రాక్షాపాకం, సీసా చదవబోతే నారికేళపాకం. ఊరు పేరు, తోట పేరు, రకం, మెట్టు, తనిఖీ సంఖ్య అన్నీ ఉంటాయి. వైన్ తియ్యగా ఉంటుందా అన్న ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబు ఉండకపోవచ్చు. ఎందుకంటే ఆ మెట్లన్నీ కోసేనాటి పండులోని చక్కెర గురించి చెబుతాయి, సీసాలో మిగిలిన చక్కెర గురించి కాదు. ష్పేట్‌లేజ ట్రొకెన్ అంటూ తీపి లేని ష్పేట్‌లేజలూ ఉన్నాయి. వీడీపీ సభ్యులు ఆ గందరగోళం పోగొట్టడానికి మెట్ల పేర్లను తీపి వైన్లకే పరిమితం చేశారు. మోజెల్‌లోని మార్కుస్ మోలిటర్ ఇంకా సులువైన దారి ఎంచుకున్నాడు: మూత మీది తొడుగు తెల్లగా ఉంటే తీపి లేదు, ఆకుపచ్చ అయితే కొద్దిగా ఉంది, బంగారు రంగైతే తీపి. వందల పుటల చట్టం చెప్పలేకపోయిన సంగతిని మూడు రంగులు చెప్పేశాయి. 2021లో చట్టాన్ని మళ్లీ మార్చి, నేల ఎంత చిన్నదైతే నాణ్యత అంత పెద్దదనే సూత్రాన్ని కేంద్రంలో పెట్టారు. 2026 పంట నుంచి అది పూర్తిగా అమలు. కొలత చక్కెర నుంచి నేల వైపుకు జరిగింది. పండులో చక్కెర దొరకడమే గగనమైన కాలంలో పుట్టిన కొలత, అది అడక్కుండానే వచ్చిపడే కాలంలో దేనికీ గీటురాయి కాలేదు.

ఎండ చేసిన మార్పు ఇక్కడే తెలుస్తుంది. పదేళ్లలో మూడు పంటలు బాగా పండితే చాలనుకున్న మోజెల్ రైతుకు 1980ల చివరి నుంచి పండకపోవడమనే బెంగ దాదాపు తీరిపోయింది. కోత అక్టోబరు చివరి నుంచి సెప్టెంబరుకు వచ్చింది. తీపి లేని రీస్లింగ్ ఒకప్పుడు దవడలు బిగుసుకునేంత పుల్లగా ఉండేది. ఇప్పుడు అదే వాలు మీద గుండ్రంగా, నిండుగా వస్తోంది. డ్రై వైన్ విజయంలో రైతు పట్టుదలతోపాటు ఈ వేడికీ వాటా ఉంది, ఆ వాటా గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు. తీపి వైన్‌కు ఇదే వేడి రెండువైపుల నుంచి దెబ్బ. ఒకవైపు పండులో చక్కెర ఎక్కువై పులుపు తగ్గుతుంది. బెల్లం రెట్టింపై చింతపండు సగమైన పులుసు ఎలా ఉంటుందో వైన్ అలా తయారవుతుంది. మరోవైపు రీస్లింగ్ వయసుతో తెచ్చుకునే కిరసనాయిలు లాంటి వాసన, ఎండ గట్టిగా తగిలిన పండులో మరీ తొందరగా, మరీ ఘాటుగా వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా నలుగుతున్నది కాబినెట్. చట్టం దానికి అడుగు హద్దు పెట్టింది కానీ పై హద్దు పెట్టలేదు. అందుకని ఈ కాలపు కాబినెట్లలో చాలావరకు పాత కొలతల ప్రకారం ష్పేట్‌లేజలే, కొన్ని ఔస్‌లేజలు కూడా. పాత తరహా తేలిక కాబినెట్ కావాలనుకునే రైతు నేడు ఎండకు ఎదురీదాలి: చల్లటి తోట వెతకాలి, ఆకులు ఎక్కువ ఉంచి పండుకు నీడ ఇవ్వాలి, ముందే కోయాలి. మరీ ముందు కోస్తే పచ్చివాసన. చల్లగా గడిచిన 2021లో పులుపు మళ్లీ పాతకాలంలా నిలబడింది. ఆ ఏటి కాబినెట్లను ప్రేమించేవారు నేటికీ తలుచుకుంటారు. కానీ అదే ఏడాది వానలకు బూజు తెగులు సోకి చాలామందికి పంట పోయింది. చలి తిరిగొస్తే మేలే జరుగుతుందన్న హామీ లేదు. మరో చిక్కు: వసంతం ముందే వచ్చి చిగుళ్లు ముందే వేయడంతో ఏప్రిల్ మంచు కొరికేస్తోంది. 2024 ఏప్రిల్‌లో జార్, రూవర్ లోయల్లో అలా ఒకటి రెండు రాత్రుల్లోనే పంటలో పెద్ద భాగం పోయింది. ఐస్‌వైన్‌కు డిసెంబరులో కావలసిన చలి ఏప్రిల్‌లో వచ్చి పడుతోంది.

ఇవన్నీ తట్టుకునేవారు ఎవరన్నది చివరికి కూలి లెక్క తేలుస్తుంది. మోజెల్‌లో బ్రెమ్ ఊరి కాల్మోంట్ వాలు కొన్నిచోట్ల 65 డిగ్రీల దాకా నిటారుగా ఉంటుంది. అక్కడ ట్రాక్టరు నడవదు. ప్రతి పనికీ మనిషి ఎక్కాలి, దిగాలి. చదును నేలతో పోలిస్తే పని గంటలు అనేక రెట్లు. 1990ల మొదట్లో 12 వేల హెక్టార్లకు పైగా ఉన్న మోజెల్ ద్రాక్షసాగు ఇప్పుడు సుమారు 8,500కు దిగింది. పోయినవాటిలో నాసి చదును నేలలూ ఉన్నాయి, వాటి గురించి దుఃఖించాల్సిన పని లేదు. కానీ నిటారు వాలులూ ముళ్లపొదల పాలయ్యాయి. వాటి మీద ఇన్ని గంటలు పనిచేసి తెచ్చిన ష్పేట్‌లేజను డ్రై వైన్‌కు వచ్చే ధరలో సగానికి అమ్ముకోవలసి వస్తే, రైతు ఏం చేస్తాడో ఊహించనక్కర్లేదు.

ధర అనగానే రెండో కొసన మరో దృశ్యం. ఏటా ట్రియర్‌లో మోజెల్ వీడీపీ తోటల వేలం జరుగుతుంది. 2015లో అక్కడ జార్ లోయలోని ఎగోన్ ముల్లర్ తోట షార్ట్స్‌హోఫ్‌బర్గర్ ట్రొకెన్‌బేరన్‌ఔస్‌లేజ, 2003 పంటది, సీసా 12 వేల యూరోలకు పోయింది. పన్నులు, రుసుములు వేరు. ఇలాంటి సీసాలకు అభిరుచి మారడమనే బెంగ లేదు. అవి తాగేవి తక్కువ, దాచుకునేవి ఎక్కువ. నగల దుకాణంలో తీపి ఫ్యాషన్ అవునా కాదా అని ఎవరూ అడగరు. అయితే కొద్ది వందల సీసాలతో ఒక లోయ బతకదు.

ఆశ్చర్యకరమైన కదలిక కాబినెట్ దగ్గరే కనిపిస్తోంది. జర్మనీలో యువ వైన్ అభిమానులు, హోటళ్లలో వైన్ వడ్డించేవారు కొందరు దాన్ని మళ్లీ నెత్తికెత్తుకున్నారు. పేరున్న తోటల నుంచి వేలానికి వచ్చే కాబినెట్లు ఇప్పుడు వందల యూరోలు పలుకుతున్నాయి, అదే తోట డ్రై వైన్‌ను దాటి కూడా. ఆల్కహాల్ తగ్గించుకోవాలనుకునే కాలంలో 8 శాతంతో నిండు రుచి ఇచ్చే సీసా తన పని తాను చేసుకుపోతోంది. ఆల్కహాల్ పూర్తిగా తీసేసిన వైన్లు కూడా తీపికి దొడ్డిదారి తెరిచాయి. శూన్యపీడనంలో ఆల్కహాల్ తీసే పద్ధతికి 1900ల్లోనే పేటెంట్ పొందింది రుడెస్‌హైమ్‌కు చెందిన కార్ల్ యుంగ్. ఆల్కహాల్ పోతే వైన్ కండ తగ్గి పులుపు మిగులుతుంది. దాన్ని సరిచేయడానికి తీపి కలపక తప్పదు. ముందు తలుపు దగ్గర తీపిని వద్దన్నవాళ్లే వెనక తలుపు దగ్గర దాన్ని కొంటున్నారన్నమాట.

తీపి రీస్లింగ్‌ను కాపాడేది కారపు వంటలేనని దశాబ్దాలుగా సలహా వినిపిస్తోంది. శాస్త్రం దానికి అనుకూలమే: ఆల్కహాల్ మిరప మంటను పెంచుతుంది, చక్కెర తగ్గిస్తుంది. థాయ్, సిచువాన్, భారతీయ వంటలన్నిటికీ కలిపి ఒకే మందు రాసిచ్చే తీరులో కొంత చులకన లేకపోలేదు. అయినా గోంగూర, చింతపండు, ఎండుమిర్చి కలిసిన వంటకు 14 శాతం ఎర్ర వైన్ కంటే తీపిపులుపుల కాబినెట్ సరితూగుతుందనడంలో సందేహం లేదు. జర్మనీలో విదేశీ విద్యార్థుల్లో భారతీయులే ఇప్పుడు పెద్ద సమూహం. వారి వంటగదుల్లో ఈ జోడీ కుదరడానికి అడ్డంకి లేదు. తెలుగు నేల మీద మాట వేరు. విదేశీ వైన్ మీద భారత్ ఏళ్ల తరబడి వేసిన 150 శాతం సుంకం ఒకటైతే, ‘వైన్ షాపు’ అనే బోర్డు కింద వైన్ తప్ప మిగతావే ఎక్కువగా అమ్ముడవడం రెండోది.

మొత్తం మీద దెబ్బ తగిలేది నడిమి మెట్లకే అనిపిస్తుంది. అట్టడుగున ఉన్న చవక తీపి సరుకు పోతే నష్టం లేదు. దాని స్థానంలో డబ్బా పానీయాలు ఎప్పుడో వచ్చి కూర్చున్నాయి. శిఖరాన ఉన్నవి నగల్లా నిలుస్తాయి, పంట కుదిరిన ఏళ్లలో. కాబినెట్‌కు కొత్త స్నేహితులు దొరికారు. ఎటూ కానివి ష్పేట్‌లేజ, ఔస్‌లేజ: భోజనంలో ఎక్కడ పెట్టాలో హోటలుకు తెలియదు, తేలికదనం కోసం వచ్చినవారికి బరువు, నగలుగా దాచేవారికి చవక. నిజానికి వయసుతో బాగా రాణించే జర్మన్ వైన్లలో ఈ మధ్య వర్గం ఒకటి. ఇరవై ఏళ్లు ఆగితే చక్కెర ఎక్కడికీ పోకపోయినా నాలుకకు తెలియకుండా వెనక్కి సర్దుకుంటుంది, ఆకు, తేనె, రాయి వాసనలు ముందుకొస్తాయి. అన్నేళ్లు ఆగే ఇళ్లు, నేలమాళిగలు తగ్గిపోవడం దాని దురదృష్టం. తీపి వైన్‌కు పేరుపడ్డ ఫ్రాన్స్‌లోని సోటెర్న్, హంగరీలోని తోకాయ్ కూడా ఇదే ఇరుకులో ఉండి డ్రై వైన్ల వైపు మళ్లుతున్నాయి.

ఇంతలో జార్, రూవర్ లోయల్లోనూ, మోజెల్ పక్క లోయల్లోనూ కొందరు రైతులు తాతల కాలంలో ఎవరూ ముట్టని తోటలను వెతుకుతున్నారు. సాయంత్రం ముందే నీడ పడేవి, గాలి ఎక్కువ వీచేవి, అడవి అంచున ఉండేవి, ద్రాక్ష సరిగా పండదని వదిలేసినవి. పాత పన్నుల పటాల్లో వాటికి వేసిన రంగు అన్నిటికంటే లేతది, అంటే తక్కువ రాబడి నేల అని. కాబినెట్‌కు కావలసిన చలి ఇప్పుడు ఆ లేతరంగు నేలల్లోనే మిగిలింది.